పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్‌లో పీజీ: కోర్సు పేరు కన్నా పర్యవేక్షణ ముఖ్యం

మీరు మేధో వైకల్యం విభాగంలో స్పెషల్ బీఎడ్ పూర్తి చేసి, ములుగు జిల్లాలోని ఒక భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఐఈఆర్పీగా, అంటే సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్‌గా, కొన్నేళ్లుగా పనిచేస్తున్నారు. తమను తాము కొట్టుకునే, ఎదుటివారిని కొరికే, సందు దొరికితే గేటు దాటి పరుగెత్తే పిల్లల విషయంలో బీఎడ్ చదువు సరిపోవడం లేదని, పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్‌లో పీజీ చేయాలనుకుంటున్నానని రాశారు. హన్మకొండలో ఉంటూనే ఆన్‌లైన్‌లో విదేశీ డిగ్రీ తీసుకోవాలా, సికింద్రాబాద్ వెళ్లి చదవాలా, అసలు ఈ చదువులో కొత్తగా ఏం నేర్పుతారు అన్నవి మీ ప్రశ్నలు. పునరావాస మనస్తత్వ నిపుణుడిగా ఈ జిల్లాల్లో చాలా కాలంగా పనిచేస్తూ, పీజీ విద్యార్థుల క్షేత్ర శిక్షణను పర్యవేక్షిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. తప్పకుండా చదవండి. అయితే కోర్సుకు ఏ పేరు పెట్టారన్నది చూసి కాకుండా, మీరు పిల్లవాడితో పనిచేస్తున్నప్పుడు దగ్గరుండి చూసి, మీరు రాసిన ప్రణాళికను వరుస వరుసగా సరిదిద్దే అనుభవజ్ఞులు అందులో ఉన్నారా లేదా అన్నది చూసి చేరండి.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన రెండింటినీ తేల్చేది అదే. పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ అంటే కొట్టకుండా, తిట్టకుండా, మంచి మాటలతో, చాక్లెట్లతో పిల్లలను దారిలో పెట్టడం అని మన కేంద్రాల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి అది ప్రవర్తన వెనక ఉన్న కారణాన్ని కనిపెట్టి, పరిసరాలను మార్చి, ఆ ప్రవర్తనకు బదులు వేరే మార్గం నేర్పే పద్ధతి. దాని పుట్టుక తెలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అనే శాస్త్రం 1960ల్లో అమెరికాలో రూపుదిద్దుకుంది. దాని ప్రధాన పత్రిక 1968లో మొదలైంది. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, వెనువెంటనే ఏం జరిగింది అన్నది కొలిచి చూడాలన్న పద్ధతి ఆ శాస్త్రం ఇచ్చిన గొప్ప సంపద. కానీ అదే కాలంలో మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారి మీద చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా చికిత్స పేరుతో ప్రయోగించారు. దానికి ఎదురు తిరిగిన పరిశోధకులే ఈ కొత్త దారి వేశారు. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లవాడు అల్లరితో సాధించుకుంటున్నదాన్ని మాటతో అడిగి తెచ్చుకోవడం నేర్పితే అల్లరి తగ్గుతుందని చూపించారు. 1990లో రాబర్ట్ హార్నర్, ఆయన సహచరులు శిక్షలు లేని ప్రవర్తనా సహాయానికి ఒక స్పష్టమైన చట్రాన్ని ప్రతిపాదించారు. వైకల్యం ఉన్నవారు కూడా అందరిలాగే ఇంట్లో, ఊళ్లో, బడిలో బతకాలన్న ఉద్యమం ఇందులో కలిసింది. అందుకే ఇక్కడ గీటురాయి అల్లరి ఎంత తగ్గిందన్నది ఒక్కటే కాదు. ఆ మనిషి బతుకు ఎంత మెరుగుపడింది, తన మాట ఎంత చెల్లుబాటు అవుతోంది అన్నది అంతకన్నా పెద్ద గీటురాయి.

బీఎడ్‌లో మీరు ఏబీసీ నమోదు గురించి చదివే ఉంటారు. ముందు జరిగినది, ప్రవర్తన, తర్వాత జరిగినది అన్న మూడు గడుల కాగితం ఎవరైనా నింపగలరు. నింపిన కాగితాన్ని చదవడం మాత్రం వేరే విద్య. గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక ఉదాహరణ చెబుతాను. నర్సంపేట వైపు ఒక కేంద్రానికి పదకొండేళ్ల బాబు వచ్చేవాడు, మాటలు లేవు. అరచేత్తో చెంప మీద, చెవి మీద ఎర్రగా కందేదాకా కొట్టుకునేవాడు. పదిమంది దృష్టి తన మీద ఉండాలని చేస్తున్నాడని, పట్టించుకోకపోతే మానుకుంటాడని అక్కడివారు తేల్చేశారు. నా దగ్గర శిక్షణ పొందుతున్న విద్యార్థిని రెండు వారాలు ఏమీ మార్చకుండా కేవలం నమోదు చేసింది. ఏ సమయం, చేతిలో ఏ పని ఉంది, పక్కన ఎవరున్నారు, కొట్టుకున్న వెంటనే ఎవరేం చేశారు, ముందు రాత్రి నిద్ర ఎలా పట్టింది అన్నవన్నీ వాళ్లమ్మను అడిగి మరీ రాసింది.

ఆ కాగితాలను బల్ల మీద పరిచి చూస్తే అవి ఒకే సమస్యకు సంబంధించినవి కావని తెలిసింది. కొన్ని దెబ్బలు ఎప్పుడు పడితే అప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, ఎక్కువగా కుడి చెవి మీదే పడుతున్నాయి. ఆ రోజులకు ముందు రాత్రి నిద్ర సరిగా లేదు. చెవి డాక్టరుకు చూపిస్తే లోపల చీము ఉందని తేలింది, మందులతో ఆ దెబ్బలు పోయాయి. మిగిలినవి మాత్రం బల్ల దగ్గర పూసలు గుచ్చే పని కొన్ని నిమిషాలు దాటగానే మొదలయ్యేవి. కొట్టుకోగానే టీచరు కంగారుపడి పూసల పళ్లెం తీసేసి, బాబును ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్లేవారు. అంటే ఆ దెబ్బ, మాటలు లేని పిల్లవాడు 'ఇక చాలు' అని చెప్పుకునే ఏకైక మార్గం. పైగా అది ప్రతిసారీ ఫలించే మార్గం.

అప్పుడు ఆ విద్యార్థిని ఒక పెళ్లి పత్రిక అట్టను అరచేయంత కత్తిరించి, దాని మీద ఎర్ర స్కెచ్‌తో అరచేయి బొమ్మ గీసి, చిరగకుండా సెలో టేపు చుట్టి, దారంతో బాబు చొక్కా గుండీకి కట్టింది. బాబు ముఖంలో విసుగు కనబడగానే, చెయ్యి చెంప దాకా వెళ్లకముందే, వెనక నుంచి చెయ్యి పట్టి ఆ అట్టను టీచరుకు ఇప్పించేది. అట్ట అందగానే పని ఆగిపోయేది. కొద్ది రోజుల్లో బాబు తనంతట తానే ఇవ్వడం మొదలుపెట్టి, నిమిషానికోసారి ఇచ్చాడు. ఇక చదువేం సాగుతుందని కేంద్రంలో అందరూ విసుక్కున్నారు. ఇక్కడే చాలా ప్రణాళికలు కూలిపోతాయి. ఆ దశలో ఇచ్చిన ప్రతి అట్టనూ మన్నించి తీరాలి. అట్ట పని చేయదని పిల్లవాడికి అనిపించిన మరుక్షణం చెయ్యి మళ్లీ చెంప మీదికి పోతుంది. దెబ్బలు బాగా తగ్గి నిలకడ వచ్చిన తర్వాతే, 'ఇంకో రెండు పూసలు గుచ్చి వెళ్దాం' అంటూ కొద్దికొద్దిగా వ్యవధి పెంచాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఆ తర్వాత జరిగింది. ఆ పూసలు బాబు వేళ్లకు మరీ చిన్నవని గమనించి, లావు చెక్క పూసలు, గట్టి తాడు తెప్పించారు. పని చేతికి లొంగాక అట్ట అవసరమే చాలావరకు తగ్గింది. మార్చవలసింది పిల్లవాడిని కాదు, ముందుగా అతని ముందు పెట్టిన పళ్లాన్ని అన్న చూపు రావడానికి సాధన కావాలి, ఆ సాధన పర్యవేక్షణలోనే కుదురుతుంది.

మంచి పీజీ ఈ పనికి శాస్త్రీయమైన వెన్నెముకను ఇస్తుంది. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత తీవ్రంగా అన్నవాటిలో ఏ ప్రవర్తనకు ఏ కొలత తగునో నేర్పుతుంది. మీరు లెక్కపెట్టినదీ, వేరొకరు విడిగా లెక్కపెట్టినదీ ఎంతవరకు సరిపోలుతున్నాయో చూడడం నేర్పుతుంది. సాధారణంగా 80 శాతానికి తగ్గితే ఆ నమోదును నమ్మరు. మార్పు మీ ప్రణాళిక వల్ల వచ్చిందా, సెలవులు అయిపోవడం వల్ల వచ్చిందా అని తేల్చుకునే ఏక వ్యక్తి పరిశోధనా పద్ధతులు, అంటే ఒకే పిల్లవాడి ప్రవర్తనను ప్రణాళికకు ముందూ తర్వాతా పదే పదే కొలిచి పోల్చే పద్ధతులు నేర్పుతుంది. నొప్పి, మలబద్ధకం, పంటి పోటు, మూర్ఛ మందుల ప్రభావం, నిద్రలేమి ప్రవర్తనను ఎలా మారుస్తాయో వైద్యులతో కలిసి ఆలోచించడం నేర్పుతుంది. ఏం చేయకూడదన్నది కూడా అంతే గట్టిగా నేర్పాలి. తలను గోడకు కొట్టుకునే పిల్లవాడిని పట్టించుకోకుండా వదిలేస్తే, ప్రవర్తన తగ్గేముందు ఒక్కసారిగా ఎగసిపడవచ్చు. ఆ ఎగసిపాటులో కన్ను పోవచ్చు. బ్రయాన్ ఇవాటా బృందం 1982లో వివరించిన ఫంక్షనల్ అనాలిసిస్‌లో పరిస్థితులను కావాలనే కల్పించి ప్రవర్తనను పరీక్షిస్తారు. చదివాం కదా అని దాన్ని భవిత కేంద్రంలో ఒంటరిగా ప్రయత్నించకండి. అలాగే చేతులు ఆడించడం, ముందుకు వెనక్కు ఊగడం లాంటివి ఎవరికీ హాని చేయనప్పుడు వాటిని మాన్పించడం లక్ష్యంగా పెట్టుకోకూడదు. చుట్టుపక్కలవాళ్లు చూస్తున్నారన్న ఇబ్బంది పెద్దలది. దాని భారం పిల్లల మీద మోపడం అన్యాయమని ఆటిజం ఉన్న పెద్దలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట నూటికి నూరు పాళ్లు నిజమని నా నమ్మకం.

ఇక ఎక్కడ చదవాలన్న ప్రశ్న. మన దేశంలో ఈ వృత్తిని నియంత్రించేది 1992 చట్టం కింద ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ. దాని ఆమోదం ఉన్న కోర్సుల్లో ఈ విషయం ప్రత్యేక విద్య, పునరావాస మనస్తత్వశాస్త్రం వంటి కోర్సుల్లో భాగంగా వస్తుంది. మీకు అందుబాటులో ఉన్న మంచి చోటు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థ. 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైన ఈ సంస్థలోనే రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి 1992లో బేసిక్-ఎంఆర్ అనే మాపనిని తయారుచేశారు. మొదటి భాగంలో 7 రంగాల్లో 280 నైపుణ్యాలు, రెండో భాగంలో 10 రంగాల్లో 75 సమస్యా ప్రవర్తనలు ఉంటాయి. మీ కేంద్రంలో దాన్ని వాడుతూనే ఉండవచ్చు. ఏ ప్రవర్తన ఉంది, ఎంత ఉంది అన్నది ఆ రెండో భాగం బాగా చెబుతుంది. ఎందుకుంది అన్నది చెప్పడం దాని పని కాదు. పీజీలో మీరు నేర్చుకోవలసింది సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది.

స్పెషల్ బీఎడ్ ఉన్న మీకు సహజమైన దారి రెండేళ్ల ఎంఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. అందులో చేరితే మీ పరిశోధనా వ్యాసానికి ప్రశ్నపత్రాలు పంచి శాతాలు లెక్కవేసే అంశం తీసుకోకండి. ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఏక వ్యక్తి పద్ధతిలో ఒక ప్రవర్తనా ప్రణాళికను అమలు చేసే అంశం తీసుకోండి. అది ఎక్కువ కష్టం, గైడ్‌లు కూడా మొదట తటపటాయించవచ్చు. కానీ ఎంఎడ్‌ను నిజమైన ప్రవర్తనా శిక్షణగా మార్చుకునే ఉపాయం అదొక్కటే. పునరావాస మనస్తత్వశాస్త్రం వైపు వెళ్లాలంటే ముందు సైకాలజీలో ఎంఏ గానీ ఎమ్మెస్సీ గానీ ఉండాలి, స్పెషల్ బీఎడ్ సరిపోదు. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్ పట్టాకే తెర పడింది కాబట్టి, ఆ దారిలోని కోర్సులు ఇప్పుడు ఏ రూపంలో ఉన్నాయో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ ఏటి జాబితా చూశాకే అడుగు వేయండి. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి రోజూ సికింద్రాబాద్ వెళ్లిరావచ్చని కొందరు సలహా ఇస్తారు. తరగతులకు అది కుదరవచ్చు గానీ, పిల్లల ఇళ్లకు, బడులకు తిరగవలసిన క్షేత్ర శిక్షణకు కుదరదు. కనీసం ఆ నెలల్లోనైనా అక్కడే గది తీసుకోండి.

విదేశీ ఆన్‌లైన్ డిగ్రీల గురించి నిక్కచ్చిగా చెబుతాను. ఆస్ట్రేలియాలో ఈ చదువుకు ఇంత గిరాకీ రావడానికి కారణం అక్కడి చట్టం. వికలాంగుల సహాయ సేవలకు ఖర్చు భరించే ఎన్‌డీఐఎస్ అనే ప్రభుత్వ పథకం కింద 2018లో వచ్చిన నిబంధనలు ఒంటరిగా బంధించడం, మందులతో అణచడం, పరికరాలతో కట్టివేయడం, చేతులతో అదిమిపట్టడం, పరిసరాలకు తాళాలు వేయడం అనే ఐదు రకాల నియంత్రణలను నిఘా కింద పెట్టాయి. అలాంటిది ఏది వాడినా అర్హుడైన ప్రాక్టీషనర్ ఒక నెలలో తాత్కాలిక ప్రణాళిక, ఆరు నెలల్లో సమగ్ర ప్రణాళిక రాయాలి. బ్రిటన్‌లో 2011లో వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో మేధో వైకల్యం ఉన్నవారిని సిబ్బంది హింసించడాన్ని బీబీసీ బయటపెట్టిన తర్వాత అక్కడా ఈ చదువుకు ప్రాధాన్యం పెరిగింది. ఆ దేశాల కోర్సుల్లో పాఠాలు బాగుంటాయి. నైతికత, హక్కుల భాగం మన కోర్సుల కన్నా లోతుగా ఉంటుందని ఒప్పుకోవాలి. కానీ ఆ పట్టా ఉన్నంత మాత్రాన ఆర్‌సీఐ రిజిస్టర్‌లో మీ అర్హత పెరగదు, ప్రభుత్వ నియామకాల్లో దానికి విలువ దొరకడం కష్టం. చాలామంది ఆశపడే అమెరికా బీసీబీఏ (ప్రవర్తనా విశ్లేషకులకు ఇచ్చే వృత్తి గుర్తింపు) సర్టిఫికెట్‌ను ఇచ్చే సంస్థ 2023 నుంచి మన దేశంలో ఉన్నవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అది తెలియకుండా, బీసీబీఏకు దారి తీస్తుందని చెప్పే కోర్సులకు డబ్బు కట్టకండి. ముందు ఇక్కడి పట్టా, తర్వాత స్తోమత ఉంటే విదేశీ చదువు అన్నదే నా సలహా.

చట్టాల విషయం ఏ కోర్సులోనైనా ఒక చిన్న యూనిట్‌గా ముగుస్తుంది, అది సరికాదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది, ఏకాంత నిర్బంధాన్నీ నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం క్రూరమైన, అమానవీయమైన వ్యవహారం నుంచి రక్షణ ఇస్తోంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధిస్తోంది. అయినా మన ఊళ్లలో కూలికి పోయే తల్లి ఎదిగిన కొడుకును గదిలో పెట్టి గొళ్లెం వేసి పోవడం మీరూ చూసే ఉంటారు. ఆ తల్లిని నిందించి, చట్టం చదివి వినిపించి వచ్చేస్తే ఆ తలుపు తెరుచుకోదు. ఆమె లేని గంటల్లో అతన్ని ఎవరు చూస్తారు, రోడ్డు మీదికి ఎందుకు పరుగెత్తుతున్నాడు అన్నవాటికి జవాబు వెతికినప్పుడే గొళ్లెం తీసే పరిస్థితి వస్తుంది. అలాగే మత్తుగా ఉంచే మందులు ఏళ్ల తరబడి ఎవరూ సమీక్షించకుండా సాగుతున్న పిల్లలు కనిపిస్తారు. మందు మార్చే అధికారం మీకు లేదు, ఆపమని చెప్పకూడదు; కానీ ప్రవర్తన, నిద్ర, ఆకలి నమోదు చేసిన కాగితాన్ని తల్లి చేతికిచ్చి సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే, డాక్టరు నిర్ణయానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

పాఠ్యపుస్తకాల్లో ఇంటి పరిస్థితికి తగిన ప్రణాళిక గురించి ఒక అధ్యాయం ఉంటుంది. ములుగు, భూపాలపల్లి వైపు పనిచేసేవారికి అదే అన్నిటికన్నా పెద్ద పాఠం. వానాకాలంలో తల్లితో కూర్చుని రాసిన ప్రణాళిక పత్తి ఏరే రోజులు రాగానే ఆగిపోతుంది, ఎందుకంటే అప్పుడు పిల్లవాడిని చూసేది తల్లి కాదు, నాయనమ్మ. మిరప కోతలప్పుడు కుటుంబం మొత్తం పొద్దున్నే వెళ్లిపోతుంది. కాబట్టి ఏ కాలంలో ఇంట్లో ఎవరుంటారో ముందే అడిగి, ఆ మనిషికి చేతనైనంత పనే అందులో పెట్టాలి. ప్రణాళిక ఒక పేజీ దాటకూడదు. చదువురాని వారింట్లో బొమ్మలతో ఉండాలి. ఇంట్లో లంబాడీ గానీ కోయ భాష గానీ మాట్లాడుతుంటే పిల్లవాడికి నేర్పే మొదటి మాట ఆ భాషలోనే ఉండాలి. బతుకమ్మ రోజుల్లో డీజే చప్పుడుకు బెదిరి ఇంట్లోవారిని కొట్టే అబ్బాయికి, ఆ తొమ్మిది సాయంత్రాలు వాడకట్టుకు దూరంగా ఉన్న చుట్టాలింట్లో గడపడం కూడా ప్రణాళికే. మరుసటి ఏడు తనకిష్టమైతే, చెవులకు మఫ్లరు చుట్టుకుని, పొద్దున పూలు కోసి బతుకమ్మ పేర్చే పనిలో కాసేపు కూర్చోవడం కూడా అందులో భాగం కావచ్చు.

అందువల్ల ఏ కోర్సు నిర్వాహకులతో మాట్లాడినా వీటిని సూటిగా అడగండి: క్షేత్ర శిక్షణలో నా పనిని ఎవరు, నెలకు ఎన్ని గంటలు ప్రత్యక్షంగా చూస్తారు, ఆయన లేదా ఆమె ప్రస్తుతం స్వయంగా కేసులు చూస్తున్నారా, చదువు పూర్తయ్యేలోగా నేను మొదటి నుంచి చివరిదాకా ఎన్ని ప్రణాళికలు రాసి అమలు చేస్తాను, పెద్దవయసు వారితో పనిచేసే అవకాశం ఉందా. జవాబు తడబడితే ఆ సంస్థకు ఎంత పేరున్నా వెనకాడండి. చేరడానికి ఇంకా నెలల వ్యవధి ఉంది కనుక, ఈలోగా మీ కేంద్రంలో ఒక్క పిల్లవాడిని, ఒక్క ప్రవర్తనను ఎంచుకుని, ఏమీ మార్చకుండా రెండు వారాలు నమోదు చేయండి. చెవి, పన్ను, కడుపు, నిద్ర ముందుగా డాక్టరుకు చూపించండి. ఆ నమోదును గ్రాఫుగా గీసి, దాని నుంచి మీకు ఏం అర్థమైందో రెండు పేజీల్లో తెలుగులోనే రాయండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకుని, పేరూ ఊరూ తీసేసి, ఆ రెండు పేజీలను ఇంటర్వ్యూకు వెంట తీసుకువెళ్లండి.